దావానలం గారికి జోహార్లు

రాష్ట్ర భావ సంస్కార మండలికి నేను కార్యదర్శిని. ప్రజల ఆలోచనలు పాడైపోకుండా చూసుకోవడం మా మండలి పని. ఇక్కడికి రాకముందు పశుసంవర్ధక శాఖలో చేశాను. రెండు చోట్లా పని దాదాపు ఒకటే గాని, పశువులు మందు పోసేటప్పుడు తల విదిలించేవి.

మా అధ్యక్షులు ఆచార్య పరిమి విరూపాక్ష శర్మగారు. ఒకప్పుడు ఆయన వట్టి విరూపాక్షం. శర్మ అనే తోకను చదువుకునే రోజుల్లోనే ఒక బహిరంగ సభలో కత్తిరించి పారేశారు. దావానలం అనే కలం పేరుతో రాసేవారు. ఇంత గడ్డం ఉండేది. వచ్చే ఏడాది విప్లవం వస్తుందని ఏటా చెప్పేవారు. అది వాయిదా పడినప్పుడల్లా అందుకు కారణమైన ద్రోహి ఎవరో కూడా చెప్పేవారు. ఆ ద్రోహి సాధారణంగా నిన్నటిదాకా ఆయన పక్కనే కూర్చుని టీ తాగినవాడై ఉండేవాడు. అలా ద్రోహులను ఏరేసుకుంటూ పోగా పార్టీలో చివరికి ఆయనొక్కరే మిగిలారు. ఒక్క మనిషి రెండుగా చీలడం నిబంధనల ప్రకారం కుదరదు కనక బయటికి వచ్చేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన తట్టుకోలేనిది అదొక్కటే. అప్పుడు ఒక ఆశ్రమం వాళ్ళు పిలిచి శాలువా కప్పారు. మన ప్రాచీనుల్లో ఒక క్రమశిక్షణ ఉందని ఆయన ఆ వేదిక మీదే ఒప్పుకున్నారు. ఇంకో శాలువా పడేసరికి సమానత్వం మన వాతావరణానికి పడదని తేలింది. ఆ పై శాలువాతో, ప్రశ్నలన్నీ పరాయి దేశాలనుంచి వచ్చినవేనని, మన దగ్గర మొదట్నుంచీ జవాబులే ఉండేవని కనిపెట్టారు. గడ్డం పోయింది, విభూతి వచ్చింది, కత్తిరించిన శర్మ మళ్ళీ మొలిచింది. ఆ వెనకే మండలి పదవీ వచ్చింది.

మనిషి పూర్తిగా మారిపోయాడని లోకం అనుకుంది. దగ్గర్నించి చూస్తున్నవాణ్ణి, నాకైతే పెద్ద మార్పేమీ కనిపించలేదు. అప్పుడూ ఆయన చెప్పిందే నిజం, ఇప్పుడూ ఆయన చెప్పిందే నిజం. అప్పుడూ కాదన్నవాడు ద్రోహి, ఇప్పుడూ కాదన్నవాడు ద్రోహి. చూపుడు వేలు మాత్రం కొత్త మనుషుల మీదికి తిరిగింది.

మండలి మొదటి ఉత్తర్వును ఆయనే స్వయంగా చెప్పి రాయించారు. సమాజ విశ్వాసాలకు భంగం కలిగించే రచనలను గుర్తించాలి. రచయితను మండలి ముందుకు పిలిపించి క్షమాపణ చెప్పించాలి. అటువంటి రచనను బోధించినవారిని గాని, రచయితను బహిరంగంగా పొగిడినవారిని గాని ఉద్యోగం నుంచి, పదవి నుంచి తొలగించాలి. "పదవి అనే మాట కూడా వేయండి, ఎవరూ తప్పించుకోకూడదు" అన్నారు. వేశాను.

ఉత్తర్వు వచ్చిన వారంలోనే సంస్కార యువదళం వాళ్ళు ఒక ఫిర్యాదు పట్టుకొచ్చారు. మామిడిగూడెం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గుగులోతు జమున అనే లెక్చరర్ ఒక ప్రమాదకరమైన వ్యాసాన్ని పాఠంగా చెప్తోందట. వ్యాసంలోని అభ్యంతరకర వాక్యాలను విడిగా టైపు చేసి జతపరిచారు. అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకుని పైకే చదివారు.

"అడగడం మానేసినవాడికి దేశం ఉండదు, యజమాని ఉంటాడు." కాగితం బల్ల మీద పడేశారు. "ఎవడయ్యా ఈ మూర్ఖుడు? ఎంత పొగరు చూడండి. వాక్యం నిండా నేనే తెలివైనవాణ్ణి అన్న ధోరణి. రాసుకోండి. ఇట్టి రచయిత అపరిపక్వుడు, అహంభావి, అధ్యయనశూన్యుడు, పరాయి భావాల మోతగాడు అని మండలి ఏకగ్రీవంగా అభిప్రాయపడుతున్నది."

రాసుకున్నాను. టైపు చేయించాను. సంతకం చేశారు. బయట వరండాలో కూర్చున్న యువదళం వాళ్ళకి ఒక ప్రతి ఇప్పించమన్నారు. ఇప్పించాను. వాళ్ళు దాన్ని అక్కడికక్కడే ఫోటో తీసి ఊరంతటికీ పంపించాక, నేను లోపలికి వచ్చి నిలబడ్డాను.

"అయ్యా, రచయితకు సమన్లు పంపాలి. ఏ చిరునామాకి పంపమంటారు?"

"వాడి ఇంటికే."

"తమరి ఇంటికేనా అయ్యా? రచయిత పేరు దావానలం అని ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "ఏ దావానలం?" అన్నారు.

"ఒక్కరే ఉన్నారయ్యా."

ఆ వ్యాసం పాఠ్యపుస్తకంలోకి ఎలా వచ్చిందో కూడా ఆయనకు గుర్తొచ్చినట్టుంది. పాఠ్యప్రణాళిక సంఘంలో ఉన్న కాలంలో, తన వ్యాసం లేని పుస్తకం ప్రజావ్యతిరేకమని వాదించి ఆయనే పెట్టించారు.

జమునగారిని అప్పటికే సస్పెండు చేశారు. ఆవిడ పేషీకి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. సన్నగా, నూలు చీరలో, చేతిలో ఆ పాఠ్యపుస్తకంతో వచ్చింది. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద చేసి చేసి ఈమధ్యనే పర్మనెంటు అయిందట. ఇప్పుడు ఈ ఉద్యోగం పోతే మళ్ళీ రాదు. ఆవిడను చూసి తండాలనుంచి కాలేజీకి వస్తున్న ఆడపిల్లలు కూడా ఇళ్ళకు పోతారు. ఇవన్నీ ఆవిడ నాకు వరండాలో చెప్పింది. అధ్యక్షుల ముందు మాత్రం భయమేమీ లేనట్టు నిలబడింది. ఆయన్ని చూస్తే ఆవిడకు నిజంగానే ధైర్యం వచ్చిందనుకుంటాను.

"ఒక్క ముక్క చెప్పున్రి సార్, చాలు. ఆ పాఠం రాసింది నేనే, ఆమె తప్పేం లేదని."

"నేను రాయలేదమ్మా."

"నేను తొమ్మిదిల ఉన్నప్పుడు మీరు మా తండాకొచ్చిన్రు. మా ఇంట్ల జొన్నరొట్టె తిన్నరు. ఆడపిల్లను బడి మాన్పియ్యొద్దని మా నాయినతోని పొద్దుమూకేదాంక కొట్లాడిన్రు. గందుకే నేను చదువుకున్న. మీ పాఠం జెప్పెటందుకే ఈ సబ్జెక్టు తీసుకున్న."

శర్మగారు కిటికీ వైపు చూశారు. "మీరు ఎవరినో చూసి నేననుకుంటున్నారు. నేను జొన్నరొట్టె తినను."

ఇన్నేళ్ళ సర్కారు ఉద్యోగంలో నేను చాలా అబద్ధాలు విన్నాను, కొన్ని టైపు కూడా చేయించాను. ఏ అబద్ధానికీ నాకు అంత ఒళ్ళు మండలేదు. ఆవిడ ఏడవలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని, "మంచిది సార్" అని వెళ్ళిపోయింది. ఆవిడ మీద విచారణ నెలాఖరుకు పడింది.

ఇక రచయిత సంగతి తేల్చాలి. యువదళం వాళ్ళు రోజూ వచ్చి క్షమాపణ ఎప్పుడని అడుగుతున్నారు. మండలి న్యాయ సలహాదారు కస్తూరి వరదరాజులుగారు నియమావళి ముందేసుకుని, గొంతు సవరించుకున్నారు. "రచయిత అధ్యక్షుల వారికి క్షమాపణ చెప్పవలెను అని స్పష్టముగా ఉన్నది. రచయిత, అధ్యక్షులు వేరువేరు వ్యక్తులై ఉండవలెనని మాత్రము ఎక్కడా లేదు. కావున తమరు తమకు క్షమాపణ చెప్పుటకు చట్టరీత్యా ఆటంకము కనిపించుట లేదు."

మర్నాడే విచారణ పెట్టాం. అధ్యక్షుల కుర్చీ పైన, ఎదురుగా కింద రచయితకు ఒక చెక్క కుర్చీ. శర్మగారు పై కుర్చీలో కూర్చుని గంభీరంగా ప్రశ్నించారు. "ఈ దుష్ట రచనకు మీరు పశ్చాత్తాపపడుచున్నారా?" తర్వాత మెల్లగా మెట్లు దిగి కింది కుర్చీలో కూర్చున్నారు. పడుచున్నానని ఒక్క మాట అంటే అయిపోయేది. కాని ఆ చెక్క కుర్చీలో ఏముందో, ఆయన వీపు నిటారుగా అయింది. గడ్డం నిమురుకోబోయి, లేదని గుర్తొచ్చి చెయ్యి దించారు.

"ఈ కమిటీని నేను గుర్తించను" అన్నారు.

వరదరాజులుగారు కలం ఆపేశారు. శర్మగారు కంగారుగా పైకెక్కి, "మర్యాదగా సమాధానం చెప్పండి, లేనిచో తీవ్ర పర్యవసానములు ఉండును" అని గద్దించారు. మళ్ళీ దిగారు. "నాకు శిక్ష వేసే హక్కు ప్రజలకే ఉంది, అమ్ముడుపోయిన మేధావులకు లేదు" అన్నారు. ఎక్కారు. "ఎవరయ్యా అమ్ముడుపోయింది?" అన్నారు. దిగారు. "అద్దంలో చూసుకోండి" అన్నారు.

ఇలా భోజనాల వేళ దాకా సాగింది. ఆయన మోకాళ్ళు పట్టేశాయి గాని రెండు వైపులా ఒక్క మెట్టు కూడా తగ్గలేదు. ఎంతకీ తెగక, రచయిత విచారణకు సహకరించుట లేదని రాసుకుని లేచాం.

"క్షమాపణ చెప్పడు, చెప్పకుండా వదలడానికి లేదు" అని శర్మగారు నీరసంగా అన్నారు. "ఏం చేద్దాం?"

వరదరాజులుగారు మళ్ళీ నియమావళి తిరగేశారు. "రచయిత మరణించినచో చర్య దానంతట అదే రద్దగును. దావానలము అను వ్యక్తి ప్రస్తుతము ఎక్కడా కానరాని మాట వాస్తవము. ఆయనను చివరిసారి చూచినవారు కూడా తమరే. మండలి సంతాప తీర్మానము చేసి, సభ జరిపినచో, సర్కారు దృష్టిలో అదియే మరణమునకు రుజువు."

శర్మగారికి ఈ ఏర్పాటు నచ్చింది. ఎదుటివాళ్ళను చరిత్రలోంచి తీసేయడం ఆయనకు అప్పుడూ ఇప్పుడూ అలవాటే.

సంతాప సభ మండలి హాల్లోనే జరిగింది. పాత పత్రికల్లోంచి గడ్డం ఫోటో ఒకటి వెతికించి, పెద్దది చేయించి, బంతిపూల దండ వేశాం. ముందు వరసలో యువదళం, వాళ్ళ వెనక టీవీ వాళ్ళు. మండలి సభ్యులంతా వేదిక మీద. ఆ సభ్యుల్లో చాలామంది శర్మగారు వచ్చిన దారినే, ఆయన వచ్చిన మర్నాడో ఆ మర్నాడో వచ్చినవాళ్ళు. అధ్యక్షత శర్మగారే వహించారు. రెండు ముక్కలు మాట్లాడి ముగించాలని ముందే అనుకున్నాం.

కాని సంతాప సభల్లో మన పద్ధతి ఒకటుంది. పోయినవాళ్ళ గురించి మంచి తప్ప మాట్లాడం. శర్మగారు జీవితంలో సగభాగం ఇలాంటి సభల్లోనే గడిపారు. ఎంతమంది సహచరులకు ఇలా మైకు ముందు నిలబడి వీడ్కోలు చెప్పారో ఆయనకే తెలియదు. ఆ ఫోటో వైపు తిరిగి, దండ సర్ది, మైకు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారిపోయింది.

"దావానలం గారు చెప్పులు లేకుండా ఈ నేలంతా తిరిగారు" అన్నారు. "తండాల్లో జొన్నరొట్టె తిన్నారు. ఒక ఆడపిల్ల చదువు కోసం ఒక తండ్రితో సాయంత్రం దాకా వాదించి గెలిచారు. ఆయన రాసిన ప్రతి మాటా ఆకలి తెలిసిన మాట. ఆయన అడగడం నేర్పారు. అలాంటి మనిషి మళ్ళీ పుట్టడు."

ఆయన ఏడుస్తున్నారు. నాటకం కాదు, నిజంగానే ఏడుస్తున్నారు. తన చావుకి తానే ఏడవగలిగే అదృష్టం ఎంతమందికి పడుతుంది? నాకూ ఒక క్షణం జాలేసింది, వెంటనే కోపమొచ్చింది. ఇదంతా గుర్తున్న మనిషే మొన్న ఆ అమ్మాయికి నేను కాదని చెప్పాడు.

చివర్లో అలవాటు కొద్దీ ఆయన కుడి పిడికిలి పైకి లేచింది. "కామ్రేడ్ దావానలానికీ..." అన్నారు.

"జోహార్" అంది వేదిక.

సభ్యులందరి పిడికిళ్ళూ గాల్లో ఉన్నాయి. వరదరాజులుగారిది అందరికంటే ఎత్తుగా ఉంది, ఆయన లా కాలేజీలో విద్యార్థి సంఘం కార్యదర్శట. నా చెయ్యి కూడా లేచింది. పశుసంవర్ధక శాఖలో మాకూ యూనియన్ ఉండేది. ముందు వరసలో యువదళం కుర్రాళ్ళు మాత్రం అర్థంకాక నోళ్ళు తెరుచుకుని చూశారు. టీవీ వాళ్ళు అంతా తీసుకున్నారు.

సాయంత్రానికల్లా యువదళం నుంచి కొత్త ఫిర్యాదు వచ్చింది. నిషిద్ధ రచయితను బహిరంగంగా పొగిడారు కనక అధ్యక్షులతో సహా మండలి మొత్తాన్ని పదవుల నుంచి తొలగించాలని. పదవి అనే మాట ఉత్తర్వులో ఉండనే ఉంది.

ఆ రోజు మా మండలి పనిచేసినంత చురుగ్గా అంతకుముందు గాని ఆ తర్వాత గాని ఎన్నడూ పనిచేయలేదు. వరదరాజులుగారు అన్నం కూడా మాని వివరణ ఉత్తర్వు తయారుచేశారు. "విధివిధానముల ప్రకారము, అనగా ఫోటో, పూలదండ, మౌనములతో కూడిన సంతాప సభయందు మృతుని గూర్చి, మృతుని రచనలను గూర్చి పలికిన మాటలు సంస్కారమునకు లోబడినవే గాని నేరము కాజాలవు. ఇది గతమునకు సైతము వర్తించును." అందరం సంతకాలు పెట్టి ఊపిరి పీల్చుకున్నాం.

నెలాఖరున జమునగారు విచారణకు వచ్చింది. ఆవిడ చేతిలో ఈసారి పాఠ్యపుస్తకం లేదు, మా వివరణ ఉత్తర్వు ఉంది.

"నేను పాఠం చెప్పలేద్సార్" అంది ప్రశాంతంగా. "సంతాప సభ పెట్టిన. పుస్తకంల సారు ఫోటో ఉన్నది. పిల్లలు గునుగు పూలు తెచ్చి ఏసిన్రు. మౌనం గూడ పాటించినం. ఎన్కసిరి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పిన. గవి పాఠంల ఉన్న మాటలే."

"అప్పటికి ఆయన మరణించలేదు కదా" అన్నారు వరదరాజులుగారు.

"మీకు మొన్న తెలిసింది సార్. మాకు శానా దినాల కిందనే ఎర్కయింది."

శర్మగారు బల్ల మీది పేపరు వెయిటును తిప్పుతూ కూర్చున్నారు. ఆవిడను కాదంటే ఉత్తర్వు చెల్లదు. ఉత్తర్వు చెల్లకపోతే మా పదవులు చెల్లవు. జమునగారిని ఉద్యోగంలోకి తీసుకున్నాం. షరతు ఒకటే పెట్టాం, పాఠం చెప్పే ప్రతిసారీ విధివిధానాలు తప్పక పాటించాలి.

ఆ కబురు కాలేజీలన్నిటికీ పాకింది. అప్పటికి మేము పుస్తకాల్లోంచి తీయించినవి చాలా ఉన్నాయి. జీవశాస్త్రం వాళ్ళు పరిణామ సిద్ధాంతానికి సంతాప సభ పెట్టారు, ఒక కోతి బొమ్మకు దండవేసి, దాని పుట్టుపూర్వోత్తరాలను సవివరంగా తలుచుకున్నారు. చరిత్ర లెక్చరర్లు రైతు తిరుగుబాట్లన్నిటికీ వరసగా సంతాపాలు జరిపారు. ఒకచోట రాజ్యాంగ పీఠికకు దండ వేసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. చచ్చిపోయినవాటి మీద పిల్లలకు ఎప్పుడూ లేనంత శ్రద్ధ పుట్టింది. హాజరు పెరిగింది. కాలేజీల దగ్గర బంతిపూలు దొరకడం కష్టమైపోయింది. మేము అనుమతించిన పాఠాలు మాత్రం బతికే ఉన్నాయి కనక వాటిని ఎవరూ వినడం లేదు.

దీని అంతు చూడాలని అధ్యక్షులవారు తనిఖీకి బయల్దేరారు. మొట్టమొదట మామిడిగూడేనికే పోదామన్నారు. ఎందుకని నేను అడగలేదు.

మేము వెళ్ళేసరికి క్లాసు మొదలవబోతోంది. జమునగారు ఆయన్ని గుర్తుపట్టి, నమస్కారం పెట్టి, వెనక బెంచీ చూపించింది. పిల్లలకు మేమెవరో చెప్పలేదు. గోడకు గడ్డం ఫోటో, దానికి తాజా దండ. వెనక కూర్చున్న విభూతి ముసలాయనకూ ఆ ఫోటోకూ ఏదైనా పోలిక ఉందని ఒక్క పిల్లకీ తోచలేదు. నాకు తోచింది గాని, నాకు ముందే తెలుసు.

ఆవిడ వ్యాసం చదివింది. గొప్పగా చదివింది. అడగడం మానేసినవాడికి దేశం ఉండదు అన్న వాక్యం దగ్గర ఒక పిల్ల చెయ్యెత్తింది.

"మేడం, ఈ సారు ఎట్ల సచ్చిపోయిండు? ఏదన్న జబ్బా?"

"జబ్బేం గాదు బిడ్డా. మంచిగనే ఉండె" అంది జమునగారు. "పదవొచ్చింది."

"అయ్యో" అంది ఆ పిల్ల నిజమైన జాలితో. కొందరు పిల్లలు నాలుకలు చప్పరించారు.

తర్వాత మౌనం. అందరూ లేచారు, శర్మగారూ లేచారు. మౌనం అయిపోయి పిల్లలంతా కూర్చున్నా ఆయన తల వంచుకుని నిలబడే ఉన్నారు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించి, "మేడం, ఆ తాత ఆ సారుకేమైతడు?" అని అడిగింది.

"నన్నెందుకడుగుతవు? ఆయన్నే అడుగు."

పిల్ల లేచి నిలబడింది. బెదురు లేదు, ఎగతాళి లేదు. పెద్దవాళ్ళను అడిగే తీరులో మెత్తగా అడిగింది.

"తాతా, ఆ సారు నీకేమైతడు?"

క్లాసు క్లాసంతా ఆయన వైపు తిరిగింది. జమునగారు పుస్తకం మూసి, జవాబు కోసం ఎదురుచూసింది. నేను కూడా చూశాను. శర్మగారు ఫోటో వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచారు.

కారు మామిడిగూడెం దాటాక గొంతు సవరించుకుని, రాసుకోండి అన్నారు. కాగితం తీశాను.

"సంతాప సభలయందు మృతుని బంధువుల వివరములు అడుగుట ఇందుమూలముగా నిషేధించడమైనది."